జొన్నలో జ, జెండాలో జ

నా చిన్నప్పుడు నా చెవుల మీద నాకు విపరీతమైన నమ్మకం. వీధి మలుపు తిరగకముందే వచ్చేది ఎవరి బండో ఎద్దుల మువ్వలను బట్టి చెప్పేసేదాన్ని. మార్కాపురంలో మేమున్న వీధిలో అందరూ పలకల పనివాళ్ళే. మా నాయన గనిలో రాయిని పలకలుగా చీల్చేవాడు. విరిగిన ముక్కలకు మా ఇంట్లో కొదవ లేదు కాబట్టి రాసుకోవడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. నాయనకు మాత్రం అక్షరాలు రావు. సాయంత్రం ఇంటికొచ్చి, నేను ఏం రాశానో చదివి వినిపించమని పక్కన కూర్చునేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా తమ్ముడికి ముందుపళ్ళు ఊడాయి. వాడు ‘జెండా’ అని బాగానే పలికేవాడు. ‘జొన్నరొట్టె’ అనమంటే మాత్రం పళ్ళ సందులోంచి గాలి తుస్సుమనేది. ఆటపట్టించడానికి వాడి చేత పదిసార్లు అనిపించాను. వాడు ఏడుపు మొదలుపెట్టాక నాకు అనుమానం వచ్చింది. రెండూ జ కారాలే కదా, ఒకటి వచ్చి ఇంకొకటి రాకపోవడమేమిటి? అద్దం ముందు నిలబడి నేనే పలికి చూసుకున్నాను. జెండా అంటే నాలుక పైకి వెళ్ళి అంగిలికి అంటుకుంటోంది. జొన్న అంటే పళ్ళ దగ్గరికి వచ్చేస్తోంది. చీమ, చుక్క అన్నా అంతే. జీలకర్ర, జుట్టు అన్నా అంతే. ఊరంతా రోజూ రెండు రకాలుగా పలుకుతూ ఒకే అక్షరం రాస్తున్నారు. ఈ సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలిసిందనిపించి ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

మరునాడు బడిలో అయ్యవారు డిక్టేషన్ చెప్పారు. పళ్ళ దగ్గర పలికే చ, జ వచ్చిన ప్రతిచోటా నేను అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టాను. పది మాటలకు ఆరు చుక్కలు. ఎంతో గర్వంగా పలక చూపించాను. అయ్యవారు దాన్ని పైకెత్తి అందరి వైపూ తిప్పారు.

“ఇదేందమ్మా, నీ పలకకు అమ్మవారు పోసిందా?” అన్నారు.

తరగతి మొత్తం గొల్లున నవ్వింది. ఎందుకు పెట్టానో చెప్పబోయేలోపే అయ్యవారు అరచేత్తో పలకంతా తుడిచేసి నా ఒళ్ళో పెట్టారు. అంతటితో పోయినా బాగుండేది. ఆ సాయంత్రం అంగడి దగ్గర మా నాయన కనబడితే, పిల్లకు ఇంకా అక్షరాలే కుదరలేదని, హైస్కూల్లో నెగ్గుకురావడం కష్టమని అన్నారట.

నాయన అయ్యవారి మాటను కొట్టేసే మనిషి కాదు. “అంత చదివినాయనే చెప్పినాక ఇంకేంది? రేపటి నుంచి బడి వద్దులే. పలకలకు చట్రాలు బిగించే కాడ కూర్చోబెడతా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. కోపమైతే తెల్లారేసరికి తగ్గుతుంది. ఇది నిర్ణయం.

మర్నాడు బడి గంట వినిపిస్తుంటే నేను మా పక్కింటి గోడ పక్కన కూర్చుని ఉన్నాను. ఆ ఇంటి తాత పుస్తకాలకు అట్టలు కట్టేవారు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా బంక వాసన ఎప్పుడూ ఆ ఇంట్లోంచి వచ్చేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. ఊళ్ళో సగం మందికి ఆయన తాతే.

“ఏంది బేటీ, గంట కొట్టినారు, ఈడ కూర్చున్నావు?” అని అడిగారు.

జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను. ఆయన ఓదార్చలేదు. బంక చేతిని గుడ్డకు తుడుచుకుని, నన్ను లోపలికి పిలిచి, ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ పలికించారు. తనూ పలికి చూసుకున్నారు. ఆ తర్వాత పడీ పడీ నవ్వారు.

“నీకు రెండు శబ్దాలకు ఒకటే అక్షరమని ఏడుపు. మా ఉర్దూలో ‘జొన్న’లో జ మాదిరి శబ్దం ఒకటుంది. దానికి నాలుగు అక్షరాలు! ఏ మాటకు ఏది రాయాల్నో తెలీక మౌల్వీ సాబు చేత నేను తిన్నన్ని దెబ్బలు నువ్వు తిన్లేదులే.”

ఏడుపు మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. ఆయన ఒక పలక ముక్క తీసుకుని పడవ లాంటి గీత గీసి, కింద ఒక చుక్క పెట్టారు.

“ఇది బ. ఈ అక్షరాలు అరబ్బులవి. వాళ్ళ నోట్లో ‘ప’ లేదు, అందుకని రాతలో కూడా లేదు. ఇవి ఇరాన్‌లో పారసీ మాట్లాడేవాళ్ళ కాడికి పోయినాయి. వాళ్ళకు ‘ప’ కావాల. ఏం చేసినారు? ఇదిగో, ఇంకో రెండు చుక్కలు పెట్టినారు. ప అయింది. ఆ తర్వాత మన దేశానికి వచ్చినాయి. మనకు ‘టోపీ’ ఉంది, ‘ట’ లేకపోతే ఎట్ల? ‘త’ నెత్తిన చిన్న గుర్తు ఎక్కించినారు.”

“ఎవరు ఎక్కించినారు తాతా?”

“వాళ్ళ పేర్లు నాకేం తెలుసు? నీ మాదిరే ఎవరో చెవి పెట్టి విన్నోళ్ళు.”

అప్పటిదాకా అక్షరాలు కొండల్లాగా, మనుషులకన్నా ముందే ఉన్నాయనుకునేదాన్ని. వాటిని ఎవరో కూర్చుని, చాలక, సరిచేసుకుని, మళ్ళీ రాసుకున్నారన్న ఊహే నాకు కొత్త. వెన్ను నిటారైంది. “అయితే నేను రాసింది రైటే కదా?” అన్నాను.

“విన్నది రైటు. రాసింది సగమే రైటు” అన్నారు తాత. “ఆ చుక్కలు పెట్టినోళ్ళు పదిమందిని కూర్చోబెట్టి, ఇది కనబడితే ఇట్ల పలకండి అని చెప్పి ఉంటారు. నువ్వు ఎవరికన్నా చెప్పినావా? నీ ఒక్కదానికే తెలిస్తే అది ఎదుటోళ్ళకు మచ్చే అయితాది గానీ అక్షరం ఎట్ల అయితాది?”

నాకు రోషం వచ్చింది.

అప్పుడాయన మూలనున్న దొంతరలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశారు. మా బడి నిఘంటువే. వీపు చిరిగిపోతే అయ్యవారు అట్ట కట్టమని పంపారు. తాతకు తెలుగు చదవడం అంతంతమాత్రమే. కానీ పేజీలు వరసగా పేర్చేటప్పుడు ఆయన కంటికి ఏదో తగిలిందట. జ అక్షరం దగ్గర తెరిచి నా ముందు పెట్టారు. కొన్ని మాటల్లో మామూలు జ. కొన్నింటిలో జ నెత్తిన చిన్న రెండంకె లాంటి గుర్తు. వేలు పెట్టి వెతికాను. ‘జెండా’కు లేదు. ‘ౙొన్న’కు ఉంది. చ పేజీలకు తిప్పాను. ‘చీమ’కు లేదు. ‘ౘుక్క’కు ఉంది.

నిజం చెప్పాలంటే ముందు నాకు బాధే వేసింది. నా ఒక్కదానిదే అనుకున్నది నేను పుట్టకముందే ఎవరికో తెలిసిపోయింది. ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు. ఎవరో పెద్దమనిషి, ఎక్కడో కూర్చుని, నాలాగే జొన్న, జెండా అని గొణుక్కుంటూ నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకుని ఉంటాడనిపించింది. ఊళ్ళో దొరకని తోడు ఆ పేజీలో దొరికింది.

తాత అట్ట పూర్తిగా ఆరకుండానే పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళారు. నా గురించి మాట్లాడతారనుకున్నాను. ఆయన నా ఊసే ఎత్తలేదు.

“అయ్యవారూ, ఒక సందేహం. ఈ పుస్తకంలో చ మీద, జ మీద ఏందో మరకలున్నాయి. గీకి శుభ్రం చేయమంటారా?”

“మరకలా? ఏవీ?” అంటూ అయ్యవారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక పేజీ చూశారు. ఇంకో పేజీ చూశారు. వెనక్కి తిప్పి, మొదట్లో చిన్న అక్షరాలతో అచ్చువేసిన వివరణ చదివారు. “ఇవి మరకలు కావయ్యా. పళ్ళ దగ్గర పలికే జ వేరు, అంగిలి దగ్గర...” అంటూ మధ్యలో ఆగిపోయారు. తలెత్తి నా వైపు చూశారు. తాత మాత్రం గుడ్డ మడత పెట్టుకుంటున్నారు.

అయ్యవారు సుద్దముక్క నా చేతికిచ్చారు.

“నిన్న నువ్వు పెట్టిన చుక్కలేందో చెప్పమ్మా. నేను అడగలేదు.”

చెప్పాను. అందరినీ పలకమన్నాను. నలభైమంది పిల్లలు జొన్న, జెండా అని అరుస్తూ, నోట్లో వేళ్ళు పెట్టుకుని నాలుక ఎక్కడుందో వెతుక్కున్నారు. అయ్యవారు కూడా పెదవులు కదిపి చూసుకోవడం నేను గమనించాను. చివర్లో ఆయన, పరీక్షలో మాత్రం ఊరంతా రాసే మామూలు అక్షరాలే రాయమన్నారు. దిద్దేవాళ్ళకు ఇదంతా తెలియకపోవచ్చు కదా అన్నారు. ఆ మాట న్యాయంగానే తోచింది.

ఆ సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నేను తొందరపడినా. పిల్లకు అక్షరాలు రాకపోవడం కాదు, నాకంటే బాగా వినపడినాయి. బడి మాన్పించొద్దు” అన్నారు.

నాయన ఉక్కిరిబిక్కిరైపోయాడు. “నాకు అవన్నీ తెలీవు అయ్యవారూ. మీరు పంపమంటే పంపుతా” అన్నాడు.

హైస్కూలుకు వెళ్ళాను. ఆ తర్వాత ట్రైనింగ్ చేసి టీచర్నయ్యాను. పెద్దారవీడు వైపు ఒక తండా బడిలో చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడి పిల్లల ఇంటిభాషకు సొంత లిపి లేదు. ఒకసారి ఒక పిల్ల వాళ్ళ అవ్వ పాడే పాటను తెలుగు అక్షరాల్లో రాసి తెచ్చింది. పేజీ నిండా అడ్డదిడ్డమైన కొమ్ములు, గీతలు. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. నవ్వు కూడా పెదవుల దాకా వచ్చింది. ఆ రోజు మా అయ్యవారు ఎంత సులువుగా పొరబడ్డారో నాకప్పుడు తెలిసింది. ఆయన మీద నాలో మిగిలి ఉన్న కాస్త కోపం కూడా అక్కడే పోయింది.

పెన్ను బల్ల మీద పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి, అది ఎలా పలకాలో ఆ పిల్ల నాకు నేర్పింది. రెండు శబ్దాలు నా నోటికి లొంగనేలేదు. తరగతిలో అందరూ నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను.

ఉద్యోగం మానేసి ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరి రాతలోనైనా వింత గుర్తు కనబడితే తప్పని అనబుద్ధి కాదు. “ఏదీ, ఒకసారి చదివి వినిపించు” అంటాను.