కరియమ్మ విత్తనాల గోతం

కరియమ్మది ఎముక లేని చెయ్యి అని బలసముద్రంలో ఎవరూ పొరపాటున కూడా అనరు. కళ్లంలో శెనక్కాయల రాశి పోయగానే ఆమె మొట్టమొదట నింపేది విత్తనాల గోతం. ఇంట్లో తినడానికైనా, అమ్మడానికైనా ఆ తర్వాతే. గోతం మూతి కుట్టేసిందంటే ఇక మొగుడు కృష్ణప్ప కూడా దాని వైపు చూడకూడదు. వాన మొహం చాటేసే ఆ ఊళ్లో అందరి చేలూ ఎప్పుడో ఒకప్పుడు బీడు పడ్డాయి గానీ, కరియమ్మ చేను మాత్రం పడలేదు. ఆ సంగతి ఆమె రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి గుర్తు చేసేది.

అంత గట్టి మనిషినీ ఏడేళ్ల కూతురు మారక్క కంట తడి పెట్టించేది. పిల్లకు మూర్ఛ. ఆడుతూ ఆడుతూ దబ్బున పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేది. చేతిలో తాళంచెవులు పెట్టారు, మెడలో తాయెత్తు కట్టారు, ఉల్లిగడ్డ కోసి వాసన చూపారు. మూర్ఛ దేనికీ జంకలేదు. బడిలో చేర్చుకోమంటే మేష్ట్రు చేతులెత్తేశాడు.

"పిల్ల ఈడ పడిపోతే నేనేం చేయల్లమ్మా? రోంత నయం కానీ, అప్పుడు పిల్చుకొని రా."

మారక్క ఊరుకునే రకం కాదు. రోజూ బడి కిటికీ బయట నిలబడి, లోపల చెప్పే ఎక్కాలు లోపలి పిల్లలకంటే గట్టిగా వల్లించేది. అటుగా పోయినప్పుడల్లా కరియమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

చివరికి పావగడలో ఒక కాంపౌండరు, బెంగళూరులో మూర్ఛ పిల్లలను ప్రత్యేకంగా చూసే ఆసుపత్రి ఉందని చెప్పాడు. పట్నం పోతున్నామని కరియమ్మ కూతురి తలకు గిన్నెడు ఆముదం పట్టించి, నున్నగా జడేసి, బస్సెక్కించింది. తీరా చూస్తే అక్కడ తలకు వైర్లు అంటించి పరీక్ష చేస్తారట. ఆ జిడ్డుకు ఒక్క వైరూ నిలవలేదు. నర్సు నవ్వాలో తిట్టాలో తెలియక సబ్బుబిళ్ల చేతిలో పెట్టి కొళాయి చూపించింది. రెండోసారి వైర్లు బాగానే అంటుకున్నాయి.

"అమ్మా, నేను రేడియో అయిపోయినానా?" అంది మారక్క, తల కదపకుండా కళ్లు మాత్రం తిప్పి.

కళ్లజోడు పెట్టుకున్న డాక్టరమ్మ కన్నడంలోనే అంతా విడమరిచి చెప్పింది. కరియమ్మకు కన్నడం బాగానే వచ్చు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. మూర్ఛ వచ్చిన రోజులు గుర్తు పెట్టుకొని రావాలి. మూడు నెలలు వరసగా రాకపోతే మేష్ట్రుకు తానే ఉత్తరం రాసిస్తానంది.

రాయడం రాని కరియమ్మ, తన నాయన ముడులేసి గొర్రెపిల్లలను లెక్కపెట్టినట్టే, ఇంటి గొర్రెల ఉన్నితో వడికిన దారం తీసుకుంది. రోజుకొక ముడి. మూర్ఛ వచ్చిన రోజున ఆ ముడిలో ఎర్రగుడ్డ పీలిక. మొదటి నెలలో ఎర్ర ముడి ఒక్కటే పడింది. రెండో నెలలో మూడు. మూడో నెలలో ఆరు. కిటికీ దగ్గరి పిల్ల కిటికీ దగ్గరే ఉండిపోయింది.

మళ్లీ బెంగళూరు. డాక్టరమ్మ దారాన్ని బల్ల మీద పరిచి, ఇంత చక్కటి లెక్క చదువుకున్న వాళ్లు కూడా తేలేదని మెచ్చుకుంది. ఆ తర్వాత ముఖం ముడుచుకొని, మాత్రలు పెంచాలేమో అంటూ కాగితం అందుకుంది.

"ఎక్కువ రాయొద్దు తల్లీ, మా దగ్గర ఉండాయి" అంటూ కరియమ్మ గర్వంగా కొంగుముడి విప్పింది. బల్ల మీద బోలెడు మాత్రలు దొర్లాయి.

"ఇవెక్కడివి?"

"సాయంత్రం మాత్రలు. రెండు దినాలకొకటి తీసి దాపెట్టినా. కరువొచ్చి మేము రాలేకపోతే ఎట్ల? అన్నీ తినేస్తే విత్తనానికి ఏముంటాది?"

నర్సు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మీ గొర్రె ఈరోజు తాగాల్సిన నీళ్లు రేపటికి దాచిపెడతావా కరియమ్మా?" అని అడిగింది.

"యాడైనా ఉంటాదా? ఈ పొద్దే గొర్రె పడిపోతాది గదా..."

అంటూనే ఆగిపోయింది. దారం మీది ఎర్ర ముడులన్నీ ఒక్కసారిగా తన చేతి పనేనని తెలిసొచ్చింది. నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా బావురుమంది. మారక్కే తల్లి కళ్లు తుడిచి, "ఏడ్చొద్దులేమా, ఇంకమీద నేనే అడిగి మింగుతా" అంది.

అన్నట్టే చేసింది. పొద్దు వాలగానే ఊరంతా వినబడేలా "అమ్మా, మాత్ర!" అని కేక వేసేది. నాలుగు నెలలు దారం మీద ఒక్క పీలికా పడలేదు. డాక్టరమ్మ ఉత్తరం పట్టుకొని మారక్క బడికి గుమ్మంలోంచే పోయింది. ఎక్కాలన్నీ ముందే వచ్చుండటం చూసి మేష్ట్రు నోరెళ్లబెట్టాడు.

రెండేళ్లకు కరువు రానే వచ్చింది. గొర్రెలు సగానికి తగ్గాయి, కూలి పని లేదు. ఇంట్లో మాత్రలు నాలుగు రోజులకే ఉన్నాయి, బెంగళూరు పోవడానికి దారి లేదు. కరియమ్మ కత్తి తీసుకొని విత్తనాల గోతం కుట్టు తెంపింది. కృష్ణప్ప పరుగున వచ్చి గోతానికి అడ్డం నిలబడ్డాడు.

"ఏమే, తలగాని తిరిగిందా? ఇవి అమ్మేస్తే, వానొస్తే ఏం విత్తుతాం?"

"వానొచ్చినపుడు చూద్దాంలే. ఈ పొద్దు మాత్ర ఈ పొద్దే పడల్ల."

ఆ ఏడు ఆలస్యంగానైనా వాన పడింది. ఊళ్లో అప్పో సప్పో చేసి అందరూ విత్తుకున్నారు. ఎన్నడూ ఎవరికీ గింజ విదల్చని కరియమ్మకు మాత్రం ఎక్కడా గింజ పుట్టలేదు. మొట్టమొదటిసారిగా ఆమె చేను బీడు పడింది. ఆ మాట ఎత్తడానికే కాచుకున్న దొడ్డమ్మ అనే వదిన గట్టు మీద నిలబడి, "ఏమే కరియమ్మా, మీ విత్తనాలు యాడికి పోయె?" అని దెప్పింది.

కరియమ్మ బడి వైపు చెయ్యి చూపించింది. కిటికీలోంచి, ఈసారి లోపలి నుంచి, మారక్క గొంతు పన్నెండో ఎక్కం చెబుతోంది.