డ్రాగన్ ప్యాడ్లకు దిష్టి చుక్క

ఈ సాయంత్రం మేముండే కార్డిఫ్‌లో నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ ఐస్ హాకీ మ్యాచ్‌కు వెళ్లాం. ఆటకంటే నాకు గోల్ కాసే గోలీ కాళ్లకు కట్టుకునే ప్యాడ్ల మీది బొమ్మలంటేనే పిచ్చి. మా జట్టు గోలీవి కొత్త ప్యాడ్లు. స్వచ్ఛమైన తెలుపు మీద ఎర్ర డ్రాగన్, సరిగ్గా మోకాలి దగ్గర మెడ తిప్పి చూస్తూ, ఎంత ముద్దుగా ఉందో! ఆటకు ముందు అతన్ని అడిగి, మా ఆవిడ తన కంటి కాటుక తీసి ఓ మూల దిష్టి చుక్క పెట్టింది. అతను మురిసిపోయాడు.

చిత్తుగా ఓడిపోయాం. పడిన ప్రతి గోలూ అతని కాళ్ల మధ్య నుంచే దూరింది.

ప్యాడ్లు భుజాన వేసుకుని బయటికొచ్చిన అతనితో, ఓదార్పుగా, డిజైన్ మాత్రం అద్భుతమన్నాను. మా ఆవిడ నవ్వు మొహంతోనే తెలుగులో అంది: "ఆ చుక్కేదో ప్యాడ్లకి కాదండీ, ఆ కాళ్ల మధ్య సందుకి పెట్టాల్సింది."

"ఏమంటున్నారు?" అన్నాడతను.

తెలుగు అర్థమైనా ఇంగ్లీషే మాట్లాడే మా అమ్మాయి పొల్లు పోకుండా చెప్పేసింది.

ముందు నవ్వింది నేనే. అతను బొటనవేలితో చుక్క తుడిచేసుకుని వెళ్లిపోయాడు.

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. మరి నోటికో? మీరే చెప్పండి.