ఉత్త గంటకు ఒక చాయ్

తడిసిన ఊక లోలోపల కాలుతున్నప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటుంది. మొన్న మిర్యాలగూడ స్టేషన్‌లో రైలు దిగి ఆటో ఎక్కానో లేదో, మిల్లుల వైపు నుంచి ఆ వాసన వచ్చింది. ఆటో అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం సైదులు జమేదారు గుర్తొచ్చాడు, ఆయన వెనకే ఈదమ్మ కూడా. వాళ్లిద్దరికీ నేను చేసిన అన్యాయం ఒక్క జమేదారుకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

సాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మా ఊళ్లో బియ్యం మిల్లులు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. మిల్లుల వెనక ఊక గుట్టలు, ఆ గుట్టలను ఆనుకుని హమాలీల గుడిసెలు. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఫైరింజను ఎంతో దూరం నుంచి రావాలి. అది వచ్చేసరికి బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. అందుకని మిల్లుల వాళ్లంతా కలిసి ఒక రేకుల షెడ్డు వేసి సొంత దళం పెట్టుకున్నారు. దాన్ని నడపడానికి హైదరాబాదులో మంటలార్పే పని చేసి వచ్చిన సైదులును జమేదారుగా తెచ్చుకున్నారు. మాట తక్కువ మనిషి. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలి ముడతలు పడి ఉండేది. ఒక తోపుడు బండి మీద చేతి పంపు, గొట్టం, గుడిసెల కప్పు లాగే పొడుగాటి కొక్కేలు, ఎర్ర బకెట్లు, పదకొండు మంది మనుషులు, అంతే మా దళం. నేనప్పుడు ఒక మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాణ్ని. ఇరవై నాలుగేళ్ల వయసు, ఒంట్లో ఉషారు, చేరిపోయాను.

అమావాస్య నాడు మిల్లులు బంద్. ఊరంతా కాళ్లు చాపుకుని కూర్చుంటే మాకు ఆ రోజే డ్రిల్లు. ఎవరు పంపు కొట్టాలి, ఎవరు గొట్టం పట్టాలి, ఎవరు ముసలివాళ్లను బయటికి మోసుకురావాలి అన్నది షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉండేది. ఒకసారి ఒక డ్రైవరు మా ఎర్ర బకెట్‌తో లారీ కడుగుతూ దొరికాడు. కడగడం అయ్యేదాకా జమేదారు పక్కనే నిలబడి, అతని చేతే బకెట్ నింపించి, దాని చోట పెట్టించి గానీ కదల్లేదు.

షెడ్డు ముందు స్తంభానికి గంటగా రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. పొగ చూసినవాళ్లు ఎవరైనా సరే, ఇనుప కడ్డీతో దాన్ని కొట్టవచ్చు. సగానికి సగం ఉత్త గంటలే. ఊక గుట్ట ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది కదా! మేం బండి లాక్కుంటూ పరిగెత్తి, ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్లం. జమేదారు మాత్రం గంట కొట్టిన మనిషిని కూర్చోబెట్టి, హోటల్ నుంచి చాయ్ తెప్పించి తాగించేవాడు. "చాయ్ తాగబుద్ధయితుందా? పోయి గంట కొట్టు" అని ఊరంతా నవ్వుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఉత్త గంటకు చాయ్ ఎందుకు జమేదార్? అందరికీ అలుసైపోతున్నం."

"ఇయ్యాల కసురుకుంటే రేపు కొట్టడు బిడ్డా. ఆడు కొట్టకుంటే గీ పంపు ఉండి ఏం ఫాయిదా?"

నాకది అంత పెద్ద మాటగా అనిపించలేదు.

ఆ ఎండాకాలం ఆయన త్రిపురారం వెళ్లాల్సి వచ్చింది. గడ్డివాముల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు అక్కడి రైతులకు చెప్పడానికి. రెండు రోజులు షెడ్డు నాకు అప్పగించాడు. మొదటి రోజు మధ్యాహ్నమే గంట మోగింది. కొట్టింది ఈదమ్మ. మా మిల్లులో నూకలు చెరిగే ముసలామె. పక్షవాతంతో మంచం పట్టిన భర్తతో వెనక గుడిసెల్లో ఉండేది. మండే ఎండలో బండి లాక్కుని పోయి చూస్తే ఊక పొగ. తిరిగొచ్చేసరికి ఆమె కడ్డీ పట్టుకుని షెడ్డు దగ్గరే నిలబడి ఉంది. అందరి ముందూ నా పెత్తనం నవ్వులపాలైనట్టు మండిపోయింది నాకు.

"చాయ్ కోసం కొట్టినవా అవ్వా? గింత వయసొచ్చింది, ఊక పొగ ఏందో తెల్వదా?" అన్నాను.

ఆమె కడ్డీని స్తంభం మొదట్లో మెల్లగా పెట్టి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. చాయ్ తెప్పించలేదు నేను.

పది రోజులు గడిచాయి. జమేదారు తిరిగొచ్చి ఉన్నాడు. మళ్లీ మిట్టమధ్యాహ్నమే గంట మోగింది, కొట్టింది ఈదమ్మే. మేం చేరేసరికి గుడిసెల వరస సగం మండుతోంది. జమేదారు తడి గోనె కప్పుకుని ఈదమ్మ గుడిసెలోకి దూరి, ముసలాయన్ని భుజాన వేసుకుని బయటికొచ్చాడు. అయినా ఆ పొగకు ముసలాయన మూడో రోజు దవాఖానలో పోయాడు. జమేదారు నెల రోజులు దగ్గుతూనే ఉన్నాడు. మళ్లీ ఎప్పుడూ బండితో పరిగెత్తలేకపోయాడు.

ముసలాయన పోయిన రోజు దవాఖాన వరండాలో ఈదమ్మ పక్కన కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"పొగ ముందుగాల సూడలేదా అవ్వా?"

"సూసిన బిడ్డా. మల్ల ఊక పొగైతే నువ్వు తిడ్తవని, దగ్గరికి పోయి మంట సూసినంకనే ఉరికొచ్చిన."

నిష్ఠూరంగా అనలేదు. తప్పంతా తనదే అన్నట్టు చెప్పింది. ఆమె నన్ను తిట్టిపోసినా అంత బాధపడేవాణ్ని కాదు.

జమేదారు కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. దళంలోంచి పోతానన్నాను. దగ్గు ఆగేదాకా ఆగి అన్నాడాయన:

"పోయి ఏం జేస్తవ్? నీ జాగల వచ్చేటోనికి గీ సంగతి తెల్వదు. ఆడు మల్ల గిదే జేస్తడు. గీడనే ఉండు."

తర్వాతి అమావాస్య డ్రిల్లుకు ఈదమ్మను పిలిపించి, అందరి ముందూ ఇనుప కడ్డీ ఆమె చేతిలో పెట్టాడు. "అవ్వా, అనుమానమైతే సాలు, కొట్టు. మంట కోసం ఆగకు. చాయ్ వీడు పోస్తడు" అని నన్ను చూపించాడు. గోడ మీద నా పేరు పక్కనున్న 'గొట్టం' తుడిపేసి 'చాయ్' అని రాశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

కొన్నేళ్లకు ఊరికి సర్కారు ఫైర్ స్టేషన్ వచ్చింది. మా బండి మూలపడింది. ఇంకొన్నాళ్లకు జమేదారూ పోయాడు. బండి మూలపడేదాకా ఈదమ్మ ఎన్నిసార్లు గంట కొట్టిందో చెప్పలేను. ఒక్కటి తప్ప అన్నీ ఉత్తవే. ఆ ఒక్కసారి మాత్రం, మంట ఒక గోనె సంచి దాటకముందే ఆర్పేశాం. గుడిసెలన్నీ నిలబడ్డాయి. ప్రతిసారీ ఆమెకు చాయ్ నా చేత్తోనే పోశాను. మొదటిసారి గ్లాసు అందుకుంటూ ఆమె నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను.

ఇప్పుడు మనవరాలి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మా కోడలు కంగారుగా ఫోన్ చేస్తుంది. 'ఈ మాత్రానికేనా' అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. "మంచి పని చేశావమ్మా, ఎప్పుడైనా సరే ఇట్లాగే చెయ్యి" అంటాను. ఫోన్ పెట్టేశాక ఈదమ్మే గుర్తొస్తుంది. ఆమెకు ఎన్ని చాయ్‌లు పోశానో గానీ, కసురుకున్న రోజు పోయాల్సిన ఆ ఒక్క చాయ్ మాత్రం పోయలేదు.