పిల్ల గబ్బిలం పుర్రె

మ్యూజియం వెనకగదిలో గబ్బిలాల పుర్రెలు శుభ్రం చేసే ఆవిడను అందరూ పురుగులత్త అనేవారు. మాంసం తినే చిన్న పురుగులను ఆవిడ ఒక రేకుపెట్టెలో పెంచేది. ఎండిన తల అందులో వేస్తే వారం తిరిగేసరికి పుర్రె తెల్లగా తేలేది. ఇరవై రెండేళ్లుగా అదే పని. పుర్రె చేతికి తగలగానే ఇది పండ్లు కొరికి తినేది, ఇది పూలలో తేనె తాగేది అని చెప్పేసేది. తేనె తాగేవాటికి మూతి సాగి ఉంటుంది, పళ్లు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. "నాలుక పెట్టి జుర్రుకునేదానికి దవడలతో పనేముంది?" అనేది.

పై అంతస్తులోని పరిశోధకుడికి ఆవిడ పెట్టిన పేరు స్కేలు సారు. ఆయన పుర్రెను వేళ్లతో ముట్టుకునేవాడు కాదు, కాలిపర్ అనే కొలత పరికరం కొనలతోనే ముట్టుకునేవాడు. మూతి పొడవు ఇంత, తల పొడవు ఇంత, దీన్ని దానితో భాగించు, అంతే. గబ్బిలం ఎగురుతుందన్న సంగతి ఆయనకెవరైనా చెప్పారో లేదోనని అత్తకు అనుమానం.

ఆ ఏడు ఆయన ఒక పొట్టిమూతి పుర్రెను చూసి సంబరంతో ఊగిపోయాడు. మూతులు సాగకముందు తేనె గబ్బిలాల పూర్వీకులు ఇలాగే ఉండేవట. ఆ పాత రూపంలోనే మిగిలిపోయిన కొత్త జాతట ఇది. దానికి తన మామగారి పేరు పెడతాడట. మామగారే ఆ మ్యూజియానికి డైరెక్టరు.

ఆ పుర్రె ఉంచిన పెట్టెలోని చీటీ మీద మాత్రం అత్త చేతిరాతతో 'పిల్ల' అని ఉంది.

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆయన కిందికి దిగాడు.

"ఇది పిల్లదని ఎలా రాశావ్? కొలిచావా?"

"కొలవలేదు సార్, అతికించాను. పురుగుల్లోంచి తీస్తే ఐదు ముక్కలుగా వచ్చింది. పెద్దదైతే ఎముకలు కలిసిపోయుంటాయి, ఊడవు. బతికుంటే దీని మూతీ సాగేది."

"ముక్కలెక్కడున్నాయి? అతుకే లేదే!"

"కనబడకుండా అతికించడం నా తప్పే సార్."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "పెద్దది అని మార్చి రాయి. నీ ఉద్యోగం పొడిగింపు కాగితం వచ్చే నెల నా బల్ల మీదికే వస్తుంది, గుర్తుంచుకో."

ఇంట్లో ఆడపడుచు తల పట్టుకుంది. "ఒక్క మాట మారిస్తే నీ సొమ్మేం పోయింది వదినా? చచ్చిన గబ్బిలం లేచొచ్చి సాక్ష్యం చెప్తుందా?"

"చెప్తూనే ఉందే. ఆ పెద్దమనిషికే చదవడం రాలేదు."

మర్నాడు అత్త పుర్రెను గోరువెచ్చని నీళ్లలో ఉంచింది. జిగురు కరిగి ఐదు ముక్కలూ దేనికది విడిపోయాయి. వాటిని దూది మీద పేర్చుకుని మెట్లెక్కింది. స్కేలు సారు ఎదురుగా మామగారు కూర్చుని ఉన్నాడు. కొత్త జాతిని చూపిస్తానని అల్లుడే పిలిపించాడు.

"ఇదిగోండి సార్, కొలుచుకోండి."

డైరెక్టరు కళ్లజోడు సర్దుకుని వంగాడు. ముక్కల అంచులు నున్నగా, విరిగిన గుర్తు లేకుండా ఉన్నాయి. "పసిగుడ్డు కదయ్యా ఇది!" అన్నాడు అల్లుడితో. అల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు.

కొత్త జాతి మళ్లీ ఎవరి నోటా వినబడలేదు. డైరెక్టరు పసిగుడ్డును గుర్తుపట్టాడు గానీ దాన్ని గుర్తుపట్టినావిడ పేరు అడగలేదు. నెలాఖరుకు పొడిగింపు కాగితం మీద సంతకం పడలేదు. ఒకసారి వెళ్లి స్కేలు సారును బతిమాలుకోమని ఆడపడుచు పోరింది. అత్త వెళ్లలేదు. అంత చిన్న బుర్ర ముందు చేతులు కట్టుకు నిలబడడం ఆవిడ వల్ల కాలేదు.