పటాలం పార్కులో అవ్వ చోటు

పోయిన నెల ఒక శుక్రవారం మా వెనకింటి అవ్వ నిద్రలోనే వెళ్లిపోయింది. నేను దేవుడి దగ్గర దీపం పెడుతుండగా ఆమె కోడలు గోడ మీదినుంచి పిలిచి చెప్పింది. ఆ పొద్దు ఏ స్తోత్రమూ నోటికి రాలేదు.

మా ఆయన పోయాక సాయంత్రాలు గడవక ఇంట్లో ఊరికే కూర్చుంటుంటే, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది అవ్వే.

"ఎంతసేపని గోడలు చూస్తావే పాపా? దా, ఏట్లో నీళ్లన్నా చూస్తాం."

అప్పటినుంచి రోజూ తుంగభద్ర ఒడ్డున పార్కుకు వెళ్లేవాళ్లం. ఒకప్పుడు అక్కడ సిపాయిల పటాలం ఉండేది. వాళ్లు వెళ్లిపోయాక బారకులు కూల్చి, గడ్డి పెంచి, ఊయలలు పెట్టారు. ఇప్పటికీ మా వీధిలో దాన్ని పటాలం పార్కు అనే అంటాం.

అవ్వ భర్త ఆ పటాలంలో వంటవాడు. ఆమె కొత్త కాపురం అక్కడి క్వార్టర్సులోనే. బెంచీలు ఎన్ని ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. మిగిలిన పాత రాతిగోడ పక్కన, గడ్డిలో, ఎప్పుడూ ఒకే చోట కూర్చుని, కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె విరిచి నాకు సగం ఇచ్చేది. మోకాళ్ల నొప్పులు కదా అంటే, "బెంచీ మీద కూచుంటే పరాయిదాన్నయిపోతానే" అనేది.

ఎందుకో చాలా రోజులకు చెప్పింది. ఆమె తొలిచూలు కొడుకు పురిటిస్నానం కాకముందే పోయాడు. పసిబిడ్డలను కాల్చరు కదా, క్వార్టర్సు వెనక ఆ గోడ వారనే పూడ్చారు. గుర్తుగా పెట్టిన రాయి నేల చదును చేసినప్పుడు పోయింది. తర్వాత పుట్టిన కొడుక్కి కూడా ఆమె చెప్పలేదు. ఇప్పుడు అతనికి చెప్పి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

పిల్లలు అక్కడ గెంతుతుంటే నాకు మనసొప్పేది కాదు. పక్కకు పొమ్మనబోతే అవ్వ ఆపేది.

"తొక్కనీలేవే. వానికీ తోడు కావాల కదా. తవ్వకుంటే సాలు."

ఆ ఒక్కటే ఆమె భయం. నిరుడు అక్కడ ఫౌంటెను కడతారని విని, మేస్త్రీ దగ్గరికి పోయింది.

"ఈ చోటొకటి ఇడ్సిపెట్టప్పా."

"ఏమవ్వా, పట్టా ఉండాదా?" అని నవ్వాడతను.

"పట్టా యాడిది? నువ్వు పుట్టకముందే మేము ఈడ పటాలానికంతా చారు గాసినాం."

"అయితే నాకూ కాసి తే, చూస్తాం."

మర్నాడు నిజంగానే ఉలవచారు కాసుకుని వెళ్లింది. పని ఆగింది. చారుకే ఆగిందో, వానలకు ఆగిందో తెలియదు. అవ్వ మాత్రం "ఆ మేస్త్రీ శానా మంచోడు" అని దేవుడికి దండం పెట్టుకుంది.

దినాలయ్యాక ఒక్కదాన్నే పార్కుకు వెళ్లాను. గడ్డి మీద ఫౌంటెనుకని సున్నంతో గుండ్రంగా గీత గీసి ఉంది. అవ్వ చోటు దాని లోపలే. కూలీలు ఇద్దరు గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్లి ఆ చోట కూర్చున్నాను.

"లెయ్యమ్మా, పనుండాది."

"కొంచేపు కూచోనీ అప్పా."

"ఎందుకు? ఏముండాది ఈడ?"

నేను లేవకపోయేసరికి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గడ్డపారలు గోడకు ఆనించి టీకి వెళ్లారు. నది మీద ఎండ తగ్గిపోయింది. కాసేపటికి గేటు దగ్గర వాళ్ల మాటలు మళ్లీ వినిపించాయి. నేను రెండు అరచేతులూ గడ్డి మీద పరిచి, అక్కడే కూర్చుని ఉన్నాను.