లీటరు పల్లీనూనె తాగిన బ్యాచ్

ఆర్మూర్ మార్కెట్‌కు కొత్త పసుపు దిగడం మొదలైన వారంలో నేను ఊరి చివర ప్రయోగాలకు పెట్టిన పైలట్ ప్లాంటులో ఫెర్మెంటర్ ఆపరేటర్‌గా చేరాను. ఇది జరిగి ఆరేళ్లవుతోంది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక డిస్టిలరీలో మొలాసిస్ తొట్ల దగ్గర పనిచేశాను. చదువు ఏడో తరగతి. నేను బడి మానేసినందుకు నాకంటే మా సార్లే ఎక్కువ సంతోషించారు.

ప్లాంటులో పని ఇది. మక్కజొన్నల నుంచి తీసిన చక్కెర నీళ్లను ఫెర్మెంటర్ అనే వంద లీటర్ల స్టీలు తొట్టిలో పోసి, ఆవిరితో శుద్ధి చేసి, చల్లారాక బాక్టీరియాను వదులుతాం. తిన్న చక్కెరను నూనెగా మార్చేటట్టు జన్యువులు సవరించిన బాక్టీరియా అది. ఆ నూనెతో డీజిల్, కందెనలు, సబ్బులు చేయొచ్చు. తిని కొవ్వు పట్టడానికి జన్యువులు సవరించాలా అని, మార్కెట్ సేట్లను చూసి పెరిగిన నాకు మొదట నవ్వొచ్చింది.

మా ఇన్‌ఛార్జి సుజాత మేడమ్ నవ్వే స్థితిలో లేరు. రెండు ట్రయళ్లు నురుగు పొంగి పాడయ్యాయి. నురుగు పైకెక్కి గాలి బయటికిపోయే ఫిల్టర్‌ను తడిపితే బయటి క్రిములు దూరతాయి, బ్యాచ్ పారబోయాలి. మూడోది కూడా పోతే యూనిట్ మూసేస్తామని యజమానులు చెప్పేశారు. పదకొండు మందిమి ఆ తొట్టి మీద బతుకుతున్నాం.

మూడో ట్రయల్ మూడో రోజు మధ్యాహ్నం మేడమ్ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నారు. నురుగు లేచింది. నురుగును అణచే సిలికాన్ మందును యాంటీఫోమ్ అంటారు. దాని సీసా ఖాళీ అయింది, స్టోర్‌లో ఇంకొకటి లేదు. మేడమ్ ఫోన్ ఎత్తలేదు. తొట్టిలోకి పోయే గాలిని, కలిపే మర వేగాన్ని తగ్గించాను; ఎక్కువసేపు తగ్గిస్తే బాక్టీరియా ఊపిరాడక చస్తుంది. డిస్టిలరీలో అయితే గరిటెడు నూనె విసిరితే నురుగు కూర్చునేది. ఇంట్లోకి కొన్న లీటరు పల్లీనూనె ప్యాకెట్ నా సంచీలో ఉంది. దాన్ని సీసాలో పోసి, ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్నలో, శుద్ధికి పెట్టాను. అది దిగేదాకా తొట్టి అద్దం ముందు నిలబడ్డాను. నురుగు ఫిల్టర్‌కు బెత్తెడు దూరం దాకా ఎక్కింది. అప్పుడు సీసా తగిలించి పంపు నడిపాను. నురుగు చప్పున కూర్చుంది. లాగ్‌బుక్‌లో ‘యాంటీఫోమ్, ఒక లీటరు’ అని రాసి సంతకం పెట్టాను.

మరునాడు శాంపిల్ నుంచి నూనె తీసి తూచారు. మేడమ్ ల్యాబ్ నుంచి పరుగున వచ్చారు.

“గంగన్నా, అనుకున్నదానికి డబుల్ వచ్చింది!”

తెల్లారి యజమానులు వస్తారని, పెద్ద తొట్టికి ఆర్డర్ ఇస్తారని చెప్పారు. అందరికీ మిర్చీలు తెప్పించారు. నేను నాలుగు తిన్నాను.

ఇంటికి పోతే నా భార్య రాజమణి బీడీలు చుడుతూ అడిగింది.

“నూనె ప్యాకెట్ తెమ్మని రెండు దినాలాయె. ఏదయ్యా?”

“మా పురుగులు తాగినయ్.”

“మంచిగనే ఉన్నది. గా నూనెనే మల్ల తీసి, మేమే చేసినమని మీ మేడమ్‌కు చూపెడ్తయ్ తీయ్!”

అప్పుడు తట్టింది నాకు: ల్యాబ్‌లో తూచిన నూనెలో నేను పోసిన లీటరూ ఉంది. చెప్తే యూనిట్ పోతుంది. చెప్పకపోతే కోట్లు పోసి పెద్ద తొట్టి కడతారు, అందులో నూనె రాదు, ఆ నింద మేడమ్ మీద పడుతుంది.

పొద్దున అందరికంటే ముందు ల్యాబ్‌కు పోయాను.

“మేడమ్, గా డబుల్ల సగం నాది.”

ఆమె నవ్వలేదు. పల్లీనూనె సంగతి మొత్తం చెప్పాను. లాగ్‌బుక్ తెరిచి నా ముందుకు తోశారు.

“మరి గిక్కడ యాంటీఫోమ్ అని రాసినవ్ గద గంగన్నా?”

“మా డిస్టిలరీల నూనెనే గట్ల రాస్తుంటిమి మేడమ్.”

ఆమె లాగ్‌బుక్ మూశారు. “జరసేపైతే నీ ఇంటి తాళింపు నూనెను ఓనర్ల ముందట పెడ్తుంటి గంగన్నా,” అన్నారు.

యజమానులకు ఆమే చెప్పారు. ఆర్డర్ ఆగింది. శాంపిల్ హైదరాబాద్‌లో పెద్ద ల్యాబ్‌కు పోయింది. పల్లీనూనెలో ఉండే ఒక కొవ్వు ఆమ్లాన్ని మా బాక్టీరియా చేయదు. దాన్ని పట్టుకుని నా వాటాను విడదీశారు. మిగిలింది మేడమ్ మొదట అంచనా వేసినంతే ఉంది. పొగడాల్సినంత కాదు, మూసేయాల్సినంత కాదు. నాలుగో ట్రయల్‌కు అనుమతి వచ్చింది, నాకు మెమో వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా తొట్టిలో ఏది పోస్తే దాని పేరే రాశాను, అది చేసే పని పేరు రాయలేదు. సారాయి తొట్టిలో నూనె నురుగుకు మందు. నూనె కోసమే నడిపే తొట్టిలో అది దొంగ దిగుబడి.