తిట్లు లేని నలభై మాటలు

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. అందుకే ఆరో నెలలో, మా కాపురం ఉన్న స్కాట్లండ్ నుంచి దక్షిణాఫ్రికాలోని మా ఊరు టోంగాట్ వచ్చేశాను. అదే వారం మా ఆయన సముద్రం అడుక్కి వెళ్లాడు. ఇంగ్లండులో పెరిగిన టోంగాట్ వాళ్ల అబ్బాయి, బ్రిటిష్ అణు జలాంతర్గామిలో పని. క్షిపణులు మోసుకుని మూడు నెలలు నీళ్ల కింద నక్కి ఉండటమే వాళ్ల కొలువు. ఎక్కడున్నారో పెళ్లాలకు కూడా చెప్పరు. వారానికోసారి మేం నలభై మాటలు పంపొచ్చు. వాళ్లు మాత్రం ఒక్క మాటా పంపకూడదు, పంపితే జాడ తెలిసిపోతుందట.

చెడ్డ కబురు ఏదైనా ఉంటే తిరిగొచ్చేదాకా తనకు చెప్పొద్దని, వెళ్లేముందు ఆయనే కాగితం మీద సంతకం పెట్టాడు. తెలిసినా అక్కడ నేనేం చెయ్యగలను అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మొదటి వారాల్లో నలభై మాటలూ తిట్లే. తాతల నాడే చెరకు తోటల పనికి వలసొచ్చిన మా ఇళ్లలో తెలుగు చాలావరకు పోయింది గానీ తిట్లు చెక్కుచెదరలేదు. మా అమ్మ ముద్దు చేసినా తిట్టే చేస్తుంది. నౌకాదళం ఆఫీసరు చదివి పంపాలి కాబట్టి నేను ఇంగ్లీషులో తిట్టేదాన్ని. తడి తువ్వాలు పరుపు మీదే పడేసిపోయావు, మతిలేని మనిషీ, కడుపులోది నీలాగే తంతోంది అని రాసి, చిన్నాన్న కొట్లోంచి ఫ్యాక్స్ చేసేదాన్ని.

తెల్లా నల్లా తేడా లేకుండా ఊరంతా మొదటిసారి ఓటుకి వరస కట్టిన రోజున, ఎనిమిదో నెల రాకుండానే పాప పుట్టింది. అమ్మ వరస మధ్యలో వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది. పాపను గాజుపెట్టెలో పెట్టారు. బతుకుతుందా అంటే డాక్టరు చూద్దాం అన్నాడు. నాకు కాలు నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

పాప పుట్టింది, ఇద్దరం క్షేమం, వేళకు భోజనం చెయ్యి అని రాశాను.

"అల్లుడికి అబద్ధం రాసేవేమే?" అంది అమ్మ.

"నిజం రాస్తే చేరదమ్మా."

ఐదు వారాలు అలాగే బుద్ధిగా రాశాను. ఆరో వారం పాపను పెట్టెలోంచి తీసి మా చేతికిచ్చారు. పాపను ఎత్తుకుని చిన్నాన్న కొట్టుకి వెళ్లి, ఆ కబురు ఫ్యాక్స్ చేసేలోపే అక్కడి ఫోను మోగింది. హలో అన్నాను.

"నువ్వున్నావా," అన్నాడు అప్పుడే ఒడ్డుకు చేరిన మా ఆయన. "అయితే పోయింది పాపేనా?"

ఎవరు చెప్పారని అడిగాను.

"నువ్వే. పాప పుట్టిందన్న దగ్గర్నుంచీ ఒక్క తిట్టూ లేదు. నీ పేరుతో ఇంకెవరో రాస్తున్నారనుకున్నాను. ఇద్దరిలో ఎవరు మిగిలారో తెలియక, అడగడానికి దారి లేక, ఐదు వారాలు..."

పాపను ఫోను దగ్గరికి తెచ్చాను. హాయిగా నిద్రపోతోంది. అరికాలు మీద గిల్లాను. కెవ్వుమంది. అవతల ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

మొద్దు మొహమా, ఆ దిక్కుమాలిన కాగితం మీద ఎవరు సంతకం పెట్టమన్నారు నిన్ను అని అందుకున్నాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాను.

"ఆపకు," అన్నాడు.